గంపలో పాము ఉందన్న ముంగిస

పెరట్లో తడిక పక్కన ఒక పెట్ట గంపలో గుడ్లు పొదుగుతోంది. గుడ్లంటే ప్రాణం పెట్టే ముంగిస ఒకటి తడిక అవతల నుంచి కేక పెట్టింది.

"అక్కా, నీ గంపలో పాము దూరింది! లేచి పక్కకు రా, ఊరికే పట్టిపెడతాను."

పుంజు ఎగిరి గోడెక్కింది. "ఇంకా కూర్చున్నావేంటే? పాములు పట్టేవాడు చెప్తుంటే వినవా!"

పెట్ట కదల్లేదు. "పొద్దున్నే ప్రతి గుడ్డునూ ముక్కుతో తిప్పి పెట్టాను. లోపలికి రాకుండానే నీకెలా కనబడింది, తమ్ముడూ?"

"ఒకటి కాదక్కా, రెండు! అయ్యో, మూడు!"

"నువ్వు అరిచేకొద్దీ పిల్లల్ని పెడుతున్నట్టున్నాయే! పాముల్ని పసిగట్టే గిన్నికోడి మా పెరట్లోనే ఉంది. అవసరమైతే నేనే పిలుచుకుంటాను."

అంతలో పెట్ట పొట్ట కింద టిక్కుటిక్కుమని చప్పుడైంది.

"అదిగో పాము! లేవవే!" అని పుంజు గోడ మీద గంతులేసింది.

ఇదే అదనని ముంగిస తడిక సందులో మూతి దూర్చింది. పెట్ట ఆ మూతి మీద ఒక్క పోటు పొడిచింది. ముంగిస కుయ్యోమంటూ తుప్పల్లో పడి పారిపోయింది.

"ఇక దిగు మహానుభావా," అంది పెట్ట మొగుడితో. "అది నీ బిడ్డ, పెంకు పగలగొట్టుకుంటోంది. ఇన్నాళ్లూ పొదిగింది నేను. నా కింద ఏం కదులుతోందో దారినపోయేవాడు నాకు చెప్పాలా?"