ఎడమచేతి గ్రహం

"ఈ కథ కీలకమంతా దొర చేతిలో ఉండాది సాబూ. అదీ ఎడమ చేతిలో!" అన్నాడు గిడ్డయ్య.

ఆలూరులో కొత్తగా వెలిసిన టూరింగ్ టాకీసు డేరా ముందు చేరిన జనం నోళ్ళు తెరిచారు. డేరా యజమాని దస్తగిరి సాబు గడ్డం నిమురుకున్నాడు.

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు అది. సాబు తెచ్చింది ఇంగ్లీషు సినిమా. దొరలు రాకెట్టెక్కి ఇంకో గ్రహానికి పోతారు, అక్కడేవో పాట్లు పడతారు. ఇంతవరకు అందరికీ తెలిసింది. దొరలు ఎడతెగకుండా ఏం మాట్లాడుకున్నారో మాత్రం ఒక్కరికీ అంతుబట్టలేదు. అందుకే ఆట నడుస్తుండగా మైకులో కథ విడమరిచి చెప్పే మనిషి కావాలన్నాడు సాబు.

"నిన్న అందరూ చూసినారు గదా. ఈ కథ అల్లిక ఎవరు బాగా ఇప్పి చెప్తే వాళ్ళదే మైకు," అని పందెం పెట్టాడు.

గిడ్డయ్యకు ఆ మైకు కావాలి. చచ్చేంత కావాలి. నాటకాల కంపెనీ మూతపడ్డాక అతను బావమరిది శేషన్న చేలో జొన్నకోతకు పోతున్నాడు. "ఏం రాజా బావా, కొడవలి బరువుగా ఉండాదా?" అని శేషన్న రోజూ పలకరిస్తాడు. ఆ పలకరింపుకు గిడ్డయ్యకు ఏడుపొక్కటే తక్కువ.

రాజా అన్నది ఉత్త ఎగతాళేం కాదు. నాటకాల్లో అతను రాజే. కాకపోతే మొదటి రంగంలోనే చచ్చిపోయే రాజు. చచ్చాక చేసే పనేముంది? ఓ మూల బొంత కప్పుకొని పడుకునేవాడు. ఏళ్ళ తరబడి ఆడిన నాటకం చివరికి ఏమవుతుందో తనకిప్పటికీ తెలియదని తన మీద తానే నవ్వుకునేవాడు. గొంతు మాత్రం ఖంగుమనేది. తన దగ్గర అరువు కానిది అదొక్కటేనని అతనికి బాగా తెలుసు.

నిన్న కూడా నాటకాల మనిషినన్న దర్జాతో జనంలో కలవకుండా, పల్చటి గుడ్డ తెర కట్టిన గుంజకు ఆనుకుని ఒక్కడే కూర్చున్నాడు. ఆట విడిచాక ఇంటికి పోతూ భార్య హంపమ్మకు పరీక్ష పెట్టాడు. ఆమెకు అదే మొదటి సినిమా. "నీకెంత మాత్రం అర్థమైందో చూస్తా, మొదట్నుంచి చెప్పు," అన్నాడు. ఆమె చిన్నదీ పెద్దదీ వదలకుండా పూసగుచ్చినట్టు చెప్పింది. అతను పండితుడిలా "ఊఁ" కొట్టాడు. "పరవాలేదే, సినిమా చూసేది వచ్చు నీకు," అని మెచ్చుకున్నాడు కూడా.

ఇప్పుడు జనం ముందు గొంతు సవరించుకున్నాడు.

"ఏ కథకైనా మూడు పనులుంటాయి సాబూ. ముడి వేసేది, బిగించేది, ఇప్పేది. ఈడ ముడి యాడుండాది? దొర సంతకం పెట్టేది ఎడమ చేత్తో. టీ గిన్నె ఎత్తేది ఎడమ చేత్తో. చెయ్యి కలిపేది ఎడమ చేత్తో. ఒక్కడు కాదు, అందరూ!"

"కుడి చెయ్యే అనుకుంటినే..." అని నసిగాడు గానుగ నరసన్న.

"నువ్వు బొమ్మ చూస్తివి నరసన్నా, నేను కథ చూస్తి," అన్నాడు గిడ్డయ్య జాలిగా. నరసన్నకు తన కళ్ళ మీదే అనుమానం వచ్చింది.

"ఊరంతా ఎడమచేతి వాటమోళ్ళే ఉండేది మన లోకంలో యాడన్నా ఉండాదా? లేదు. అంటే వాళ్ళు మన లోకమోళ్ళే కాదు. రాకెట్టు ఈన్నుంచి ఆడికి పోలేదప్పా, ఆన్నుంచి ఈడికొచ్చె! మరి వాళ్ళు దిగిన గ్రహం యాదనుకుంటిరి? చెట్టు లేదు, చుక్క నీళ్ళు లేవు, యాడ చూసినా రాళ్ళే. అది మన ఆలూరు!"

జనం ఒక్కసారిగా ఈలలు వేశారు. ఆ గ్రహం అచ్చం తమ ఊరిలాగే ఉందని ఎవరూ కాదనలేకపోయారు. సాబు మైకు తెచ్చి గిడ్డయ్య చేతిలో పెట్టాడు.

"శానా బాగ చెప్తివి. ఈ పొద్దు ఆట నీది. కుదిరితే డేరా యాడికి పోతే ఆడికి నువ్వూ వద్దువు."

రేపటి నుంచి కోతకు రానని గిడ్డయ్య అప్పటికప్పుడే శేషన్నకు కబురు పెట్టాడు.

మొదటి ఆటకు డేరా కిటకిటలాడింది. శేషన్నా వచ్చాడు. హంపమ్మ పెళ్ళినాటి చీర కట్టుకుని ఆడవాళ్ళ వాకిట్లోంచి లోపలికి పోయింది.

"చూడండి! ఇప్పుడు దొర సంతకం పెడతాడు. ఏ చేత్తో?" అని మైకులో గర్జించాడు గిడ్డయ్య.

"ఎడమ!" అని అరిచారు జనం.

దొర కలం తీశాడు. కుడి చేత్తో నింపాదిగా సంతకం పెట్టాడు. పక్క దొరతో చెయ్యి కలిపాడు. అదీ కుడి చెయ్యే.

గిడ్డయ్యకు ఉన్న ఆ ఒక్క గొంతూ పోయింది.

"ఏం రాజా బావా, మొదటి రంగంలోనే చస్తివే!" అన్నాడు శేషన్న చీకట్లోంచి. డేరా పగలబడి నవ్వింది. సాబు వచ్చి మైకు మెల్లగా తీసేసుకున్నాడు.

గిడ్డయ్య బయటికొచ్చి బండి నొగ మీద కూర్చున్నాడు. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. పొద్దున్నే శేషన్న చేతిలోంచి మళ్ళీ ఆ కొడవలి అందుకోవాలి.

ఆట విడిచాక హంపమ్మ అయోమయంగా వచ్చింది.

"ఎందుకట్ల నవ్విరి అందరూ? నువ్వు చెప్పినట్లే దొర ఎడమ చేత్తోనే గదా సంతకం పెట్టె. నా రెండు కండ్లతో చూస్తి."

గిడ్డయ్య ఆమె ముఖంలోకి చూశాడు. వేళాకోళం ఏమీ లేదు.

"నువ్వు యాడ కూర్చుంటివే?" అన్నాడు మెల్లగా.

"యాడేంది, నిన్నా ఈ పొద్దూ మా ఆడోళ్ళకు తెర ఎనకాలే గదా చాపలేసింది, నిన్న నువ్వు గుంజకానుకొని ఆటంతా గుర్రుపెట్టి నిద్రపోతాంటే మాకు ఇనపడలేదనుకుంటివా!"