గ్లాసు నచ్చితేనే బేరం

"గ్లాసు నచ్చితేనే బేరం. నచ్చకపోతే నా బయానా నాకు, మీ తాళాలు మీకు," అన్నాడు కొనడానికొచ్చినాయన, కౌంటరు ముందున్న ఎత్తు స్టూలు మీద సర్దుకుని కూర్చుంటూ. ఊళ్లో అతనికి ఇలాంటి బార్ లాంజులు ఇప్పటికే నాలుగున్నాయి.

"అలాగే. రుచి చూడకుండా సరుకు కొనమని నేనూ అనను," అని యజమాని పైకి నవ్వాడు. లోపల మాత్రం ఎక్కడో పీకుతోంది.

బేరమంతా ఒక్క పానీయం చుట్టూ తిరుగుతోంది. రమ్ము, చెరకురసం, నిమ్మరసం, నలిపిన పుదీనా వేసి లాటిన్ అమెరికా పద్ధతిలో యజమాని భార్య కలిపే కాక్‌టెయిల్ అది. పేరు 'తొలి సాయంత్రం'. పేటలో ఎవరికి పెళ్లి కుదిరినా, ఎవరి ఉద్యోగం ఊడినా ఆ గ్లాసు కోసమే ఇక్కడికొస్తారు. ఇంకా తెరిచే వేళ కాలేదు. అయినా వీధి మూలనున్న దర్జీ అప్పుడే అద్దాల తలుపు తడుతున్నాడు.

"అన్నా, తెరవవేం? నాలుక పిడచగట్టుకుపోతోంది!"

"కుళాయి అక్కడే ఉంది, వెళ్లి తాగు!" అని యజమాని లోపల్నించే కసిరి, భార్య వైపు తిరిగాడు. "వింటున్నావా? మొదలుపెట్టు."

"నాకేం చెవుడు రాలేదు. చెరకురసం వంటగదిలో ఉంది, పట్టుకురండి," అందామె ఏప్రన్ ముడేసుకుంటూ.

అతను వంటగదిలోకి వెళ్లి ఫ్రిజ్‌లోంచి కూజా తీశాడు. అమ్మితే వచ్చేదెంత, ఉంచుకుంటే మిగిలేదెంత అని ఎన్నిసార్లు లెక్కేసినా అమ్మమనే తేలింది. ఆమె మోకాళ్లూ అదే అన్నాయి. ఓరోజు కాళ్లకి నూనె రాసుకుంటూ "ఇక చాలండీ" అంది. ఆ ఒక్క ముక్క పట్టుకునే ఈ కొనేవాడికి మాటిచ్చేశాడు.

అంతలో హాల్లో పాత పాట మొదలైంది. గిటారు మీద ఎవరో స్పానిష్‌లో పాడుతున్నారు. అర్థం అప్పుడూ తెలీదు, ఇప్పుడూ తెలీదు. తెరిచిన కొత్తలో గిరాకీ లేని సాయంత్రాలు ఆ పాట పెట్టుకుని ఇద్దరూ ఖాళీ బల్లల మధ్య అడుగులేసేవాళ్లు. అతను ఠంచనుగా ఆమె కాలు తొక్కేవాడు. "తూకం వేస్తున్నట్టు ఆడతారేంటండీ, కాస్త ఒళ్లు వదలండి!" అని ఆమె పడీపడీ నవ్వేది. బల్లలు, కుర్చీలు, సీసాలు, ఆఖరికి పైన తిరిగే ఫ్యాన్లక్కూడా ధర కట్టాడు. ఆ అడుగులకి మాత్రం కట్టలేదు.

మాట తప్పితే వ్యాపారికి పరువు పోతుంది. సరుకు నచ్చక కొనేవాడే లేచిపోతే పోయేదేమీ లేదు.

డబ్బాలోంచి గుప్పెడు ఉప్పు తీసి కూజాలో పోశాడు. గరిటె పెట్టి గిరగిరా తిప్పాడు. సొంత సరుకు తనే చెడగొట్టుకోవడం పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు.

"ఇంతసేపా? చెరకు నాటి, పండించి, కోసుకొచ్చారా?" అందామె కూజా అందుకుంటూ.

"గరిటె కనబడలేదు."

"రసానికి గరిటెందుకు?" అని, జవాబు కోసం చూడకుండా అటు తిరిగి సీసాలు దించింది. ఇక ఆమె వీపు తప్ప ఏమీ కనబడలేదు.

కొనేవాడు కౌంటరు మీద వేళ్లతో కొట్టాడు. "ముందు ఈ చెక్క పీకేసి స్టీలు వేయిస్తాను."

"అది మేమిద్దరం గరుకు కాగితంతో రుద్ది నునుపు చేసింది," అన్నాడు యజమాని మెల్లగా.

"చూస్తేనే తెలుస్తోంది లెండి!"

ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఇంకా జోరుగా ఆడింది. 'ఎంత శ్రద్ధగా కలుపుతోందో! వదిలించుకోవాలని ఇంత ఆత్రమా?' అని యజమానికి మనసు చివుక్కుమంది.

గ్లాసు వచ్చింది. కొనేవాడు ఒక గుటక వేసి కళ్లు మూశాడు. ఉమ్మేస్తాడని యజమాని ఊపిరి బిగబట్టాడు. అతను ఉమ్మలేదు. ఇంకో గుటక వేశాడు. గ్లాసు ఖాళీ చేసి, అడుగున మిగిలిన పుదీనా ఆకు కూడా నమిలేశాడు.

"అబ్బ! మా దగ్గర కలిపేవాళ్లు డజను మందున్నారు, ఒక్కడికీ ఈ చెయ్యి లేదు. తియ్యండి కాగితాలు!"

ఆమె కాక్‌టెయిల్ కలిపిన షేకరులో మిగిలింది యజమాని గబుక్కున నోట్లో పోసుకున్నాడు. ఉప్పు ఎటు పోయిందో పోయింది. ఇన్నేళ్లలో ఇంత బాగా ఏనాడూ కుదరలేదు. లాభం ఇంత నష్టంగా కనబడటం అతని వ్యాపారంలో ఇదే మొదటిసారి.

"కిటుకేంటమ్మా?" కొనేవాడు పెన్ను మూత తీశాడు. "ఇంకొక్కటి నా కళ్లముందు కలపండి. ఇక్కడే సంతకం పెట్టేస్తాను."

ఆమె ఖాళీ గ్లాసు వంక చూసింది, కొనేవాడి వంక చూసింది, చేతిలో గరిటె కౌంటరు మీద విసిరికొట్టింది.

"కిటుకూ లేదు, నా బొందా లేదు! ఒక్క గుటకకే మీరు పారిపోవాలని మూడింతలు నిమ్మరసం పిండానయ్యా, అది బాగుండటమేంటి?"