పైకప్పు మీద ఎండ

"లేవండి పెద్దమ్మా. ఇదేమన్నా బస్టాండా?"

అన్నాక మారిసెలాకి తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

కుర్చీలోని ముసలావిడ తల ఎత్తింది. అక్రోటుల్లాంటి రెండు పెకాన్ కాయలు గుప్పిట్లో పెట్టి నొక్కింది. పటుక్కుమంది. పప్పు నోట్లో వేసుకుని, పెంకులు ఒళ్లోని గుడ్డసంచిలో వేసుకుంది.

"ఎవరికి అడ్డం వచ్చానే పిల్లా?"

బయట టెక్సస్‌లోని వేకో ఊరంతా ఆగస్టు ఎండకి మాడిపోతోంది. ఈ ఉచిత సరుకుల కేంద్రంలో మాత్రం చల్లగా ఉంది. సరుకులకి వచ్చినవాళ్లు నంబరు చీటీ తీసుకుని, పిలిచేదాకా కుర్చీల్లో కూర్చోవాలి. ఈవిడ చీటీ తీసుకోదు. సరుకులు అడగదు. పొద్దున తలుపు తీయగానే రావడం, మూసేటప్పుడు వెళ్లడం. నెల్లాళ్లుగా ఇదే వరస.

"పోనీ ఒక చీటీ తీసుకుని కూర్చోండి. నేనూ ఏమీ అనను."

"మా ఇంట్లో తిండి ఉంది. లేనివాళ్ల నంబరు నేనెందుకు తీసుకుంటాను?"

"అయితే ఇంట్లోనే ఉండొచ్చుగా?"

"ఇల్లు నిప్పుల కుంపటిలా ఉందే."

"ఏసీ లేదా?"

"పెట్టించలేదు. ఇదివరకు అవసరం పడేది కాదు."

గోడకి ఆనుకుని నిలబడ్డ ఒకతను పకపకా నవ్వాడు.

"టెక్సస్‌లో ఉండి ఏసీ అవసరం పడలేదట! మేం కాళ్లు పీకేలా నిలబడితే, మహారాణి గారికి సింహాసనం, పక్కన పలహారం!"

అందరూ నవ్వారు. మారిసెలాకి నవ్వు రాలేదు. ఆమె గుండెలో నిన్నటి మాట ముల్లులా ఉంది.

కమిటీలో ఒకావిడ నిన్న వచ్చి చూసి మరీ అంది. "కుర్చీలు చీటీ ఉన్నవాళ్లకే. రేపు తనిఖీకి వస్తున్నారు. నీకు చేతకాకపోతే ఇంకొకరిని చూసుకుంటాం."

ఈ ఉద్యోగం వచ్చిందే వసంతంలో. అంతకుముందు పాలూ మాంసం దాచే చల్లగదికే, వచ్చిన విరాళాల్లో సగం కరెంటు బిల్లు కింద పోయేదట. మూసేద్దామనుకున్నారట కూడా. పైకప్పు మీద సోలార్ పలకలు పడ్డాక బిల్లు దాదాపు లేకుండా పోయింది. ఆ మిగులుతోనే రోజూ పిల్లలకి పాలిస్తున్నారు. ఆ మిగులుతోనే మారిసెలాని జీతానికి పెట్టుకున్నారు.

"నా ఉద్యోగం పోతుందండీ," అంది గొంతు తగ్గించి. "నాకు రెండేళ్ల పాప ఉంది."

ముసలావిడ ఆమె మొహంలోకి చూసింది.

"ప్రూయిట్ లేడా?"

"ఈ కేంద్రం నడిపే పెద్దాయనతో మీకేం పని? విరాళాల కోసం ఊళ్లు తిరుగుతున్నారు. ఇప్పట్లో రారు."

"సరేలే." కుర్చీ చేతులు పట్టుకుని మెల్లగా లేచింది. "ఉద్యోగం మాట ముందే చెప్పొద్దుటే? ఎప్పుడో వెళ్లేదాన్ని."

వెళ్తూ వెళ్తూ సంచిలోంచి చిన్న మూట తీసింది. "పాపకి పెట్టు. పోయినేడు రాలినవి. ఇంక దొరకవు."

"సీలు లేని తిండి మేం తీసుకోకూడదండీ. రూలు."

ఆవిడ మూటలోంచి ఒక కాయ తీసి, గట్టి పెంకు మీద గోటితో టకటకా కొట్టింది.

"చెట్టు సీలు వేసే ఇచ్చిందే పిచ్చిపిల్లా!"

మూట కుర్చీలో పెట్టి, తలుపు తోసుకుని ఎండలోకి వెళ్లిపోయింది.

మారిసెలా వెనకే రెండడుగులు వేసింది. అంతలో తనిఖీవాళ్ల కారు వచ్చి ఆగింది. గబగబా వెనక్కొచ్చి, మూట తీసి చెత్తబుట్టలో పడేసింది.

తనిఖీ బాగా జరిగింది. హాలు ఎంత పద్ధతిగా ఉందో అని మెచ్చుకున్నారు. ఆ రాత్రి మారిసెలా పాపని పక్కలో వేసుకుని నిశ్చింతగా నిద్రపోయింది.

మర్నాడు ముసలావిడ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. హమ్మయ్య అనుకుంది.

గురువారం ప్రూయిట్ గారు అనుకోకుండా తిరిగొచ్చారు. టోపీ చేతిలో ఉంది. వచ్చి ఆ కుర్చీలోనే కూలబడ్డారు.

"వెనక వీధిలో ఓపల్ గారు పోయారమ్మా. పోస్టు ఇవ్వడానికి వెళ్లినతను చూశాడట. ఇల్లు కొలిమిలా ఉందట. ఒక్కత్తే ఉండేది."

"నేనెరగనండీ. మనకి కావలసినావిడా?"

"నువ్వు చేరకముందు మాట. సోలార్ వాళ్లు వచ్చి పెదవి విరిచేశారు. వెనకింటి చెట్టు నీడ మన పైకప్పంతా కప్పేస్తోంది, పలకలు పెట్టినా దండగన్నారు. ఏ మొహం పెట్టుకుని అడగను? ఆవిడ పెళ్లయిన ఏడు భర్త నాటిన చెట్టు. ఇంటి మొత్తానికి అదే గొడుగు. అయినా వెళ్లి అడిగాను. పిల్లల పాలు విరిగిపోకూడదు, కొట్టేయండి అంది."

"ఏం చెట్టండీ?"

అడిగింది గానీ, జవాబు వినాలని లేదు.

"పెకాన్."

కుర్చీ కింద మూలగా ఒక పెంకు ముక్క ఉంది. ఊడ్చినప్పుడు చీపురుకి అందలేదు కాబోలు. మారిసెలా దాని మీంచి చూపు తిప్పుకోలేకపోయింది.

"మీ అందరికీ ఒక మాట చెప్పి వెళ్లాల్సింది. ఈ తిరుగుడులో పడి మర్చేపోయాను," అన్నారు ప్రూయిట్ గారు టోపీ అంచు నలుపుతూ. "అంత చెట్టుకి బదులుగా ఆవిడ అడిగింది ఒక్కటే మారిసెలా, ఎండ ఓర్చుకోలేని రోజున వచ్చి కూర్చోవడానికి మన హాల్లో ఒక కుర్చీ."