నంబరు లేని ఎర్ర బండి

ఎవరినీ అడగకుండానే రేఖ కొడుకు జశ్వంత్ ఎర్ర బండి ఎక్కి కూర్చున్నాడు. అదే క్షణంలో వెనకాల బకెట్ దభీమని కింద పడింది.

రేఖ ఉలిక్కిపడి తిరిగి చూసింది. షెడ్డు తుడుస్తున్న మనిషి, నీళ్లు కాళ్ల కింద నుంచి పారుతున్నా కదలకుండా పిల్లాడినే చూస్తోంది.

“ఏందే యాదమ్మా, సోయి ఉన్నదా లేదా? తుడువు!” అని కసిరాడు ఓంకార్. షెడ్డు అతనిదే. హఫీజ్‌పేట్ స్టేషన్ దారిలో ఇలాంటి మట్టి బండ్లు, బురదలో గుంతల్లో సరదాకి తోలే నాలుగు లావుపాటి చక్రాలవి, కొత్తవీ పాతవీ అమ్ముతాడు.

రేఖ భర్త సాయిచంద్ ఎనిమిదేళ్లు ఐటీ కంపెనీలకు క్యాబ్ నడిపాడు. కంపెనీలు సొంత బస్సులు పెట్టుకున్నాయి, క్యాబ్ ఆగిపోయింది. శంకర్‌పల్లి అవతల బావమరిదికి ఖాళీ జాగా ఉంది. శని, ఆదివారాలు అక్కడ సాఫ్ట్‌వేర్ వాళ్లను మట్టి బండి మీద తిప్పితే బతుకు గడుస్తుందని అతని లెక్క. మట్టిలో పొర్లడానికి డబ్బులిస్తారంటే రేఖకు మొదట నమ్మకం కలగలేదు. చిన్నప్పుడు తను పొర్లితే వాళ్లమ్మ వీపు విమానం మోత మోగించేది.

చేతిలో ఉన్నది లక్షన్నర. ఎర్ర బండి పాతది, లక్షా నలభై. పక్కనే ఉన్న కొత్త నల్ల బండి మూడు లక్షల అరవై.

“గంత ధర ఏందన్నా? దీనికి తలుపుల్లేవు, పైన కప్పు గూడ లేదు!” అంది రేఖ.

ఓంకార్ నవ్వాడు. “కప్పుకు కాదక్కా ధర. ఇంజను, గేరుపెట్టె బయటి దేశంకెళ్లి వస్తయి, దాని మీద సుంకం. బైకులైతే లక్షల్ల అమ్ముడువోతయి, ఇవి వందల్ల. గుంతల్ల దుంకినా ఇరగకుండ నాలుగు చక్రాలకు నాలుగు షాకబ్జర్లు. గందుకే చెప్తున్న, కొత్తది మీకెందుకు? పాతది పట్టుకపోండ్రి. గిట్టుబాటు అయితది.”

సాయిచంద్ వంగి కిందంతా చూశాడు. చక్రాలు పట్టుకుని ఊపాడు. లొడలొడ లేదు. హ్యాండిల్ కింద గొట్టం దగ్గర మాత్రం అతని వేలు ఆగింది.

“గిదేంది, గీ ఒక్క జాగల కొత్త రంగున్నది?”

“గీసుకపోయిందన్నా, టచప్ చేయించిన. ఫికర్ చెయ్యకు,” అన్నాడు ఓంకార్. “జర కూసోండ్రి, చాయ్ పట్టుకొస్త,” అంటూ బయటికి నడిచాడు. బావమరిదికి ఫోన్ చేయడానికి సాయిచంద్ గేటు దాకా వెళ్లాడు. రైలు పోతున్న చప్పుడుకు రేకులు గలగలమన్నాయి. బయట మబ్బు కమ్ముకొస్తోంది.

యాదమ్మ గుడ్డతో నేల తుడుచుకుంటూ, తుడుచుకుంటూ రేఖ పాదాల దగ్గరికి వచ్చింది. తల ఎత్తలేదు.

“అక్కా, నేను చెప్పిన్నని అనకు. నా పని పోతది.”

“ఏంది?”

“మీ బాబుకు ఎన్నేండ్లు?”

“ఏడు.”

“నా కొడుకు గూడ ఏడేండ్లోడే.” గుడ్డ పిండుతున్న చేతులు ఆగిపోయాయి. “పోయిన ఎండకాలం గీ బండే వాని మీద పడ్డది. హ్యాండిల్ కాడ ఇరిగి తిరగబడ్డది. ఆడికాడనే పానం పోయింది. అతుకు పెట్టి రంగేసిన్రు. నంబరు లేని బండాయె, ఎవలు రాసుకుంటరు, ఎవలు అడుగుతరు?”

రేఖ బండి మీద కూర్చున్న కొడుకు వైపు చూసింది. “మరి నువ్వు గిక్కడ…”

“కేసు పెట్టకుండ్రి, పని ఇస్తనన్నడు సేటు. రోజూ దీన్నే తుడుస్తున్న అక్కా.”

రేఖ ఒక్క ఉరుకున పోయి కొడుకును రెక్క పట్టి కిందికి లాగింది. వాడు గుక్కపట్టి ఏడ్చాడు. ఆ ఏడుపు వింటుంటే ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ఏడుస్తున్నాడు, చాలు.

“గీ పాతది వద్దన్నా, కొత్తదే కావాలె,” అంది రేఖ. చాయ్ కప్పులతో వచ్చిన ఓంకార్ మొహం వాడిపోయింది. “ఏమైందక్కా? ఇంకో అయిదు వేలు తగ్గిస్త, తీస్కపో. ఉన్న పైసలన్నీ కొత్తదాని మీద పెట్టి పరేషాన్ కాకు.”

అతను ధర తగ్గించేకొద్దీ ఆమెకు భయం పెరిగింది. యాదమ్మ వైపు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడింది.

“పిచ్చి లేసిందా నీకు?” ఫోన్ ముగించి వచ్చిన సాయిచంద్ పళ్లు నూరాడు. “నిన్నటిదాక పాతదే, పాతదే అంటివి కదనే!”

“నేను చెప్తున్న కదా, కొత్తదే తీసుకుందాం.” చేతులు ముందుకు చాచింది. రెండు చేతులకూ కలిపి మిగిలిన బంగారం రెండు గాజులు. జశ్వంత్ పుట్టినప్పుడు అమ్మ తొడిగినవి. “ఇగో. అమ్మెయ్.”

చందానగర్ బజారుకు పోయి గాజులు అమ్మి, తక్కువపడ్డ రెండు లక్షల పదివేలు తెచ్చేసరికి గంటన్నర పట్టింది. ఓంకార్ అయిష్టంగానే రసీదు రాశాడు. నల్ల బండి సోమవారం పంపుతానన్నాడు.

ఆటో కదిలింది. చినుకులు మొదలయ్యాయి. రేఖ బోసి చేత్తో కొడుకును ఒళ్లోకి అదుముకుంది. తన పిల్లాడు తన ఒడిలో ఉన్నాడు. మరి ఆ తల్లి? కడుపుకోత దిగమింగి, పని పోతుందని తెలిసీ నోరు విప్పిందే!

మలుపు దగ్గర ఆటో ఆపించింది. “గిప్పుడే వస్త,” అని దిగి, పిడికిట్లో అయిదు వందల నోటుతో వానలో వెనక్కి పరుగెత్తింది.

షట్టర్ సగం దించి ఉంది. ఆమె వంగి లోపలికి అడుగు పెట్టబోతుంటే, చల్లగా ఓంకార్ గొంతు వినబడింది: “యాదమ్మా, రేపొచ్చేటోళ్లకు ఒక్కతే ఆడపిల్లంట, గందుకని ఈసారి కొడుకు అనకు, కూతురు సచ్చిపోయిందని చెప్పు.”