అర మాత్ర

కాజాలు కోసే చిన్న కత్తెరతో తాతయ్య మాత్రను సగానికి కోశాడు.

ముందు సుద్దతో మాత్ర మీద సన్నగా గీత గీసుకున్నాడు. దర్జీ కదా, రెండు ముక్కలూ సమానంగా వచ్చాయి.

"అదేమన్నా గుడ్డా, మిగిల్చి దాచుకోవడానికి?" అంది నానమ్మ.

"మీటరున్నరలో ఇద్దరు పిల్లలకి చొక్కాలు తీసిన చెయ్యే ఇది. నెల మందులు రెండు నెలలు రావా?"

నానమ్మ నవ్వలేదు.

గుండెపోటు వచ్చి ఐదు నెలలైంది. కాళ్లతో మిషను తొక్కకూడదన్నారు. అప్పటినుంచీ తాతయ్యవి గుండీలు, కాజాలు, చేతికుట్లే. వాటి మీద వచ్చేది ఇంటద్దెకే చాలడం లేదు.

ఆరోజు ఆస్పత్రిలో చూపించుకోవాలి. తోడు నేనే.

"మందులు కొనలేకపోతున్నామని డాక్టరమ్మతో చెప్పు తాతయ్యా," అన్నాను దారిలో, వినపడీ వినపడనట్టు.

"అందరి జేబులూ కుట్టినవాణ్ణి. నా జేబు చిరిగిందని ఆవిడకి చూపించమంటావా? నువ్వూ నోరు మెదపకు."

డాక్టరమ్మ రిపోర్టును రెండుసార్లు చూసింది.

"గుండె బలం ఇంకా తగ్గిందండీ. మాత్రలు రోజూ వేసుకుంటున్నారా?"

"ఒక్క పూట కూడా తప్పలేదమ్మా."

అది నిజమే. సగం సగమే అయినా, ఒక్క పూటా తప్పలేదు.

ఆవిడ నా వైపు తిరిగింది.

"పెద్దవాళ్లు మర్చిపోతుంటారు. నువ్వు చెప్పమ్మా. నేను రాసినట్టే వేసుకుంటున్నారా?"

తాతయ్య నన్ను చూడలేదు. చొక్కా గుండీని పెట్టి తీస్తూ, తీసి పెడుతూ కూర్చున్నాడు.

బడిలో హాజరు పలకడానికే నా గొంతు పెగలదు.

తల ఊపాను.

"అయితే ఈ మందు ఆయనకి పనిచెయ్యట్లేదు," అంటూ ఆవిడ పాత చీటీ మీద అడ్డంగా గీత కొట్టింది. "ఇంకా గట్టిది రాస్తున్నాను. ఖరీదు కాస్త ఎక్కువే. కానీ తప్పదు."

"అలాగేనమ్మా," అన్నాడు తాతయ్య, ఖరీదెంతో అడగకుండానే.

కొత్త చీటీని నాలుగు మడతలు పెట్టి నా చేతికిచ్చాడు.

మేడ దిగుతుంటే మూడో మెట్టు మీద ఆగిపోయాడు. గోడకి చెయ్యి ఆనించాడు. ఊపిరి అందే దాకా నిలబడ్డాం.

"నా పరువు నిలబెట్టావు తల్లీ," అన్నాడు.

కింద ఇంకా పదకొండు మెట్లున్నాయి.