పదకొండో భాగం

“రెండు దినాల నుంచి నా చేతి ముద్ద తినకుండా ఉండావు. ఎవడన్నా ఏమన్నా అన్నాడా? జబ్బేమన్నా దాస్తాండావా?”

నా కూతురు భార్గవి తల అడ్డంగా ఊపింది. ఒళ్లో లావుపాటి పుస్తకం. ఏదో మంత్రాల రాజ్యం కథ. మూడేళ్లుగా చదువుతోంది, ఇప్పుడు పదకొండో భాగం.

“దీంట్లోనే ఏదో ఉండాది. చదువు, వింటా.”

చదివింది. మెరిసే అంగీ కోసం రాణి, గూళ్లలో నిద్రపోతున్న రెక్కల జాతి పసికందులను బతికుండగానే మరిగే నీళ్లలో వేయిస్తుంది. వాళ్లు చుట్టుకున్న దారం లాగిస్తుంది.

కలుపుతున్న సంగటి ముద్దను చేతిలోనే ఆపేశాను.

“థూ! దాని చేతులు పడిపోనూ! పిల్లోళ్లు చదివే బుక్కా ఇది?”

భార్గవి నా చేతుల వైపే చూస్తోంది.

“అట్ల చూస్తావేమే?”

“సోమారం నీకు క్యారియర్ ఇచ్చేదానికి షెడ్డుకు వచ్చినా కదమ్మా. ఆడ చూసినా.”

హిందూపురంలో పట్టుగూళ్లు ఉడకబెట్టి దారం తీసే షెడ్డు అది. పదిహేనేళ్లుగా నా చేతుల నీచువాసన ఏ సబ్బుకూ పోలేదు. మాకు అన్నం పెట్టే వాసనేలే అనుకున్నాను.

చేతిలోని సంగటి ముద్దను కంచంలో పెట్టేశాను.

“నీ చేత్తోనే తినమ్మా,” అన్నాను.