భాగమ్మ చెయ్యి

అందరి చేతులూ లేచాయి. భాగమ్మ చెయ్యి ఒడిలోనే ఉంది.

సంఘపెద్ద శంకరప్ప ఆమె వైపు చూసి, అందరినీ చేతులు దించమన్నాడు. నేల మీద కూర్చున్నవాళ్ళు అటూ ఇటూ కదిలారు. ఆదివారం ఆరాధన అయిపోయి చాలాసేపైంది. వాళ్ళంతా వారం పొడుగునా తాండూరు బండల గనుల్లో, కందిచేలల్లో పనిచేసిన మనుషులు. ఇంటికి పోయి నడుం వాల్చాలని ఉంది.

యాలాల్ బాప్తిస్టు సంఘంలో మనిషిని చేర్చుకోవడానికి ఒక పద్ధతి ఉంది. చేరదలచిన మనిషి అందరి ముందు నిలబడి తన మాట చెప్పుకుని బయటికి వెళ్ళాలి. లోపలివాళ్ళు మంచిచెడ్డలు మాట్లాడుకుని చేతులెత్తాలి. మాట్లాడేటప్పుడు ఆ మనిషి పేరు, కులం, హోదా ఎత్తకూడదు. ఒక్క చెయ్యి లేవకపోయినా ఇంకో ఏడాది ఆగాలి. పోలీసు యాక్షన్ అయిన మరుసటేడు సంఘం మొదలైనప్పుడు మిషన్ దొర పెట్టిన పద్ధతి అది. దొరకు మాత్రం చెయ్యెత్తే హక్కు లేదు. ఆయన పేరు ఆయన దేశపు సంఘంలో ఉంది. అందుకని ఇలాంటప్పుడు ఆయన లోపల ఉండడు. ఆ రోజూ లేడు.

బయట వేపచెట్టు కింద కూర్చున్న మనిషి వయసులో పెద్దవాడు. గుండెనొప్పి వచ్చి, వికారాబాదు ఆసుపత్రిలో పడి లేచాడు. ఆయన అడిగింది చిన్నమాటే. తనను వాళ్ళలో ఒకడిగా లెక్కపెట్టుకోవాలి. పోయినప్పుడు సంఘం బొందలగడ్డలో ఇంత జాగా ఇవ్వాలి.

"ఏడాది ఆగే పానం కాదక్కా అది" అన్నాడు శంకరప్ప.

"మా ఈరయ్య ఆగిండా?" అంది భాగమ్మ.

ఈరయ్య ఆమె తమ్ముడు. కల్లు పూర్తిగా మానలేదని అతనికి ఒక్క చెయ్యి తక్కువైంది. ఏడాది తిరక్కముందే గనిలో పైనుంచి బండ పడి చచ్చిపోయాడు. పద్ధతి పద్ధతే అన్నారు. బొందలగడ్డ గోడకు అవతల పాతిపెట్టారు.

బాల్‌రాజ్ లేచాడు. యువకుల కూటం నడిపేది అతనే. బయటి మనిషి తరఫున చెప్పుకొచ్చాడు. ఆయనవాళ్ళు వచ్చెయ్యమని కబురు మీద కబురు పెడుతున్నారు. భార్య, కొడుకు ముందే వెళ్ళిపోయారు. ఇక్కడే ఉండిపోతే ఆయన వాళ్ళకు కాకుండా పోతాడు. అటు వదులుకుని ఇటు వచ్చిన మనిషిని గుమ్మం బయట కూర్చోబెట్టడం న్యాయం కాదన్నాడు. కరువొచ్చిన ఏడు గూడేనికి జొన్నలు పంచింది ఆయనేనని, జ్వరాలప్పుడు మందులిప్పించింది ఆయనేనని గుర్తుచేశాడు.

"ఇచ్చిండు. నేను కాదంటలేను" అంది భాగమ్మ. "మన చేతికెల్లి తీస్కున్నడా ఎన్నడన్న?"

ఒక్కొక్కటే చెప్పింది. గూడేనికి వస్తే తన నీళ్ళు తనే తెచ్చుకుంటాడు. అందరూ బండల మీద కూర్చుంటే ఆయనకు కుర్చీ వెయ్యాలి. ఇళ్ళలోకి రాడు, వచ్చినా కాళ్ళకు వేసుకున్నవి విడవడు. ఆయన కొడుకు బాల్‌రాజ్‌తో కబడ్డీ ఆడి ఆకలై, భాగమ్మ ఇంట్లో జొన్నరొట్టె తిన్నాడు. తల్లి వచ్చి, వాకిట్లోనే పిల్లాడి నోరు కడిగి తీసుకెళ్ళింది. భాగమ్మ గడపలో నిలబడి చూసింది.

"అది ఆమె జేసింది. ఆయనేం జేసిండు?" అన్నాడు బాల్‌రాజ్.

"నీళ్ళు వోసింది ఎవరనుకున్నవ్?"

బాల్‌రాజ్ కూర్చున్నాడు.

వెనక నుంచి ముసలి శాంతవ్వ, తన మేకలకు ఈ పద్ధతి తెలియదని, పొద్దుగూకితే వాటి దారి అవి చూసుకుంటాయని గొణిగింది. ఒకరిద్దరు నవ్వారు. శంకరప్ప నవ్వలేదు. అతనికి తల నొప్పిగా ఉంది.

"ఏం జేస్తె చెయ్యెత్తుతవో గది జెప్పు అక్కా" అన్నాడు.

భాగమ్మ లేచింది. మూలనున్న కుండలోంచి సత్తు గిలాసతో నీళ్ళు ముంచింది. కాగ్నా నది ఇసుకలో చెలిమ తవ్వి తోడిన నీళ్ళు అవి. అడుగున మట్టి చేరింది.

"కడుపుల తేడా జేస్తె?" అంది శాంతవ్వ.

"మనకు జేసేదే ఆయనకూ జేస్తది. గది గాకుంటె సంఘమెందుకు?"

గిలాసతో వేపచెట్టు దగ్గరికి నడిచింది. తలుపులోంచి అందరికీ కనిపిస్తోంది. ఆ మనిషి పక్కన ఆయన నీళ్ళు ఉన్నాయి. భాగమ్మ గిలాస చాచింది. ఆయన గిలాస వైపు చూశాడు. తర్వాత ఆమె వైపు చూశాడు. రెండు చేతులతో అందుకుని, మట్టి కూడా మిగల్చకుండా తాగాడు. ఏదో అడిగాడు.

భాగమ్మ తిరిగొచ్చి తన చోట కూర్చుంది.

"ఇంకిన్ని ఉన్నయా అన్నడు" అంది, ఎవరి వంకా చూడకుండా.

చెయ్యెత్తింది. బండలు మోసిన భుజం కావడంతో సగం వరకే లేచింది. అది చాలన్నాడు శంకరప్ప.

"జాగ మాత్రం మా ఈరయ్య పక్కన ఇయ్యుండ్రి" అంది. "గోడ అటు జరుపుండ్రి."

దానికి చేతులెత్తమని ఎవరూ అడగలేదు. అందరూ తలలూపారు.

శంకరప్ప గుమ్మం దగ్గరికి వెళ్ళాడు. కొత్తగా చేరిన ప్రతి మనిషినీ పిలిచినట్టే పిలిచాడు.

"లోపటికి రా అన్నా."

వాళ్ళందరికీ బాప్తిస్మమిచ్చిన దొర బూట్లు విప్పి లోపలికొచ్చాడు.